తాళ్ల ఫ్యాక్టరీ స్థలంలో పిడికిలి బంతి

ల్యూడర్‌హాఫెన్, 10 మే 1996

పిరికితనానికి నెలనెలా జీతం తీసుకునే మనిషివి నువ్వు, హిన్నెర్క్. నీ ముఖం మీదే అంటున్నాను. ఈ దేశంలో ఒక మనిషి పచ్చిక మీద అడుగు పెట్టబోతే ముందు ఒక బోర్డు అడ్డం వస్తుంది. బోర్డు వెనక ఒక కార్యాలయం, కార్యాలయం వెనక ఒక బీమా సంస్థ, బీమా సంస్థలో కుర్చీకి అతుక్కుపోయి నా సొంత తమ్ముడు.

నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగానే ఉండి ఉంటావు, ఎప్పుడూ జాగ్రత్తగానే ఉంటావు కదా. ఇక విషయానికొస్తాను.

మా వీధి చివర తాళ్ల ఫ్యాక్టరీని కూలగొట్టి పన్నెండేళ్లయింది. ఆ స్థలాన్ని నగరం 'భవిష్యత్తు కోసం' కొన్నది. భవిష్యత్తు ఇంకా రాలేదు. పచ్చగడ్డి వచ్చింది, పిచ్చిపూలు వచ్చాయి, ఒక మూలన పాత తూము కుంగి మోకాటిలోతు గుంట పడింది. ఏప్రిల్ నుంచి ప్రతి గురువారం సాయంత్రం అయిదింటికి అక్కడ మేం తొమ్మిదిమందిమి ఆడవాళ్లం పిడికిలి బంతి ఆడుతున్నాం. మన చిన్నప్పటి ఆటే: మధ్యలో తాడు, అటూ ఇటూ అయిదుగురు, చెయ్యి ముడిచి కొట్టాలి, బంతి నేలకి ఒక్కసారి తగిలితే తప్పు లేదు. పదో మనిషి లేదు కాబట్టి ట్రీనా ఉన్న వైపు నలుగురే ఉంటారు. ఆమెకి డెబ్బై ఒకటి. ముప్పై ఎనిమిదేళ్లు అక్కడే తాడు పేనింది, ఆ చేతులతో బంతి కొడితే అవతలి అయిదుగురమూ చాలం. నేను తప్ప అందరూ ఆ ఫ్యాక్టరీ మనుషులే. గ్రంథాలయం ఉద్యోగిని కదా అని నన్ను జాలిపడి చేర్చుకున్నారు.

నిన్న వెళ్లేసరికి అక్కడ కొత్త బోర్డు. 'ప్రవేశం నిషేధం. పిల్లలు చేసే నష్టానికి తల్లిదండ్రులే బాధ్యులు.' ట్రీనా కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"మా అమ్మ పోయి ఇరవై ఏడేళ్లు. నేను చేసే నష్టం సంగతి ఆవిడకి ఎవరు చెబుతారే?" అంది. తర్వాత, "బంతి ఇటు వెయ్" అంది.

ఒక్క ప్రశ్నకి జవాబు రాయి. ఆ బోర్డుకి చట్టంలో బలం ఉందా, లేదా? వంకర మాటలు వద్దు.

కోపం తగ్గని నీ అక్క,
గెజీనె


కాసెల్, 15 మే 1996

ప్రియమైన అక్కకు,

పదో తేదీ నువ్వు రాసిన ఉత్తరం నిన్న అందింది. నేను నష్టాల విభాగంలో సీనియర్ పరిశీలకుణ్ణి. కుర్చీకి అతుక్కుపోలేదు, నెలకి రెండుసార్లు బయటికి వెళ్లి కూలిన గోడలు చూస్తాను.

ఇక్కడ బాల్కనీలో టమాటా మొక్కలు పెట్టాను. కుండీల నీళ్లు కింది ఇంటివాళ్ల కుర్చీ మీద పడే అవకాశం ఉందని ముందే వాళ్లకి ఉత్తరం రాశాను. వాళ్లు అప్పటినుంచి మాట్లాడటం లేదు. ఎందుకో తెలియదు.

నీ ప్రశ్నకి జవాబు: బోర్డుకి ఏ బలమూ లేదు. నష్టం ఎవరి అజాగ్రత్త వల్ల జరిగిందన్నదే చట్టం చూస్తుంది. బోర్డు పాతినంత మాత్రాన ఎవరి తల్లీ బాధ్యురాలైపోదు.

అయితే మిగతాది కూడా చదువు. స్థలం ఎవరిదో, అక్కడికి వచ్చేవాళ్లకి ప్రమాదం లేకుండా చూడాల్సిన బాధ్యత వాళ్లది. మీరు ఆడుతున్నారని తెలిసి కూడా నగరం ఊరుకుంటోంది. కాబట్టి ఇవాళ్టికి ఆ గుంట నగరం నెత్తిన ఉంది. దాన్ని అక్కడే ఉండనియ్యి. ఏమీ చెయ్యొద్దు. గడ్డి కొయ్యొద్దు. గుంట పూడ్చొద్దు. గీతలు గియ్యొద్దు. ఎక్కడా ఎవరి పేరూ రాయొద్దు. నేలని ఎవరు చక్కబెడితే, రేపు అక్కడ కాలు విరిగినవాళ్లు వచ్చి వాళ్ల తలుపే కొడతారు.

నీ తమ్ముడు,
హిన్నెర్క్

నీ మరదలు రోస్విథా నిన్ను అడిగినట్టు రాయమంది. అడిగింది.


ల్యూడర్‌హాఫెన్, 24 మే 1996

హిన్నెర్క్,

బోర్డుకి బలం లేదన్నావు. సంతోషం. ఆ ఒక్క మాటా ఊరి పత్రికకి పంపాను, 'కాసెల్‌లో నష్టాల పరిశీలకుడైన మా తమ్ముడి అభిప్రాయం' అని. మంగళవారం అచ్చయింది. నీ పేరు సరిగ్గానే వేశారు.

మిగతా ఉత్తరం కూడా చదివాను. గుంట ఉందని తెలుసు, అందులో ట్రీనా కాలు పడుతుందని తెలుసు, అయినా పూడ్చకూడదు, ఎందుకంటే పూడిస్తే బాధ్యత మనదని తేలిపోతుంది. ఇదేం నీతిరా? మూసేసిన గ్రంథాలయంలో ఎవరి నెత్తి మీదా పుస్తకం పడదు. అందుకని మూసేద్దామా? మా నగర కార్యాలయానికి మనుషులు నడవని వీధే మంచి వీధి. అక్కడ ఎవరూ పడరు కదా. జనం సొమ్ముతో కొన్న నేలని జనం నుంచి కాపాడటం వాళ్ల ఉద్యోగం, ఆ కాపలాకి మాటలు అందించడం నీ ఉద్యోగం.

కాబట్టి పనులన్నీ చేసేశాం. గడ్డి కోశాం. తూము గుంటలో పదకొండు తోపుడుబళ్ల మట్టి పోశాం. సుద్దతో గీతలు గీశాం. ఇదంతా అయ్యాక అందరం వెన్న కేకు తింటూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇంత పని చేసి సంఘం లేకుండా ఎలా? ఏడుగురు సంతకాలు పెడితే చాలు, మేం తొమ్మిదిమందిమి పెట్టాం. పద్నాలుగు నిబంధనలు. కాఫీ ఆటకి ముందా, తర్వాతా అన్న నిబంధన మీద రెండు గంటలు వాదించాం. ఇద్దరు ఏడ్చారు. చివరికి ముందూ తర్వాతా అని తీర్మానించాం. బంతి గాలికి ఒక బాధ్యురాలు, సుద్దకి ఒకరు, చుంచెలుకల బొరియలకి ఒకరు. అధ్యక్షురాలు నేను.

నగరం బోర్డు పక్కనే మా బోర్డు పెట్టాం. 'ఆటస్థలం బాధ్యురాలు: గెజీనె టార్డెన్.' కింద నా ఫోను నంబరు. మేం ఎవరి చాటునా దాక్కోవడం లేదని తెలియాలి కదా.

అధ్యక్షురాలి హోదాలో,
గెజీనె


కాసెల్, 30 మే 1996

అక్కా,

నేను చెయ్యొద్దన్నవన్నీ ఒక్కటి కూడా వదలకుండా, నేను రాసిన వరుసలోనే చేశావు. పై అధికారి ఇవాళ నీ పత్రిక ముక్క నా బల్ల మీద పెట్టి, "మన సంస్థ అభిప్రాయం మనం పత్రికలో చదివి తెలుసుకోవడం కొత్తగా ఉంది, టార్డెన్" అన్నాడు. కూర్చోమనలేదు.

నీ పేరున్న బోర్డు దయచేసి తీసెయ్యి. ఈ క్షణాన ఆ నేల మీద ఎవరు బోర్లాపడినా అది నీ ఇంటి మెట్ల మీద పడినట్టే. నీకు ఆ స్థలం మీద హక్కు రాలేదు, భారం మాత్రం వచ్చింది. ఇది నీకు అర్థమయ్యేలా రాయడం నాకు చేతకావడం లేదు, మనిద్దరికీ చిన్నప్పటినుంచీ ఇదే గొడవ.

జూన్ పదమూడు, గురువారం వస్తున్నాను. ఆఫీసుకి చెప్పడం లేదు. ఒకసారి కళ్లతో చూస్తాను. అప్పటిదాకా ఎవరినీ ఆడనివ్వొద్దు.

హిన్నెర్క్


ల్యూడర్‌హాఫెన్, 4 జూన్ 1996

పరిశీలకుడు గారికి,

అంటే సొంత అక్క మీదికి తనిఖీకి వస్తున్నావన్నమాట. రా. నేల కడిగి ఉంచుతాం.

నిన్న చేపల అంగట్లో నగర భూముల కార్యాలయం వీబాల్క్ గారు కనిపించారు. ఆ బోర్డు పాతించింది ఆయనే. "పదమూడున కాసెల్ నుంచి నష్టాల పరిశీలకుడు వస్తున్నాడు, స్థలం చూడటానికి" అని మర్యాదగా చెప్పాను.

"ఎవరు పంపారు?" అన్నారు.

"అది మీకే తెలియాలి" అన్నాను.

ఆయన అంగడివాడి వైపు తిరిగి, ఏ చేప కావాలో చెప్పకుండానే "అదే ఇవ్వండి" అన్నారు, పొగబెట్టిన మలుగు చేప పొట్లం కట్టించుకుని వెళ్లిపోయారు. ఆయనా వస్తారట, టేపు తీసుకుని.

ఆట ఆపలేదు. బోర్డూ తియ్యలేదు.

గె. టా.


ల్యూడర్‌హాఫెన్, 15 జూన్ 1996

తమ్ముడూ,

మణికట్టు ఎలా ఉంది? ఆరు వారాల కట్టు అని మరదలు ఫోనులో చెప్పింది. ఇంకా చాలా చెప్పింది. కొన్ని మాటలు ఆమెకి వచ్చని నాకు ఇప్పుడే తెలిసింది.

జరిగింది నీ తప్పు కాదు, నా తప్పూ కాదు. ఒకసారి మళ్లీ తలుచుకో. నువ్వూ వీబాల్క్ గారూ గంటసేపు నేల కొలిచారు. మట్టి పోసిన చోట ఆయన మూడుసార్లు గెంతి చూశారు. "మా పార్కులకన్నా నున్నగా ఉంది, ఎవరికీ చెప్పకండి" అన్నారు. అంతవరకూ అంతా బాగుంది.

ఆ రోజు వచ్చింది ఎనిమిదిమందే. ట్రీనా మీ ఇద్దర్నీ కిందినుంచి పైదాకా చూసి, "ఏయ్ టేపు బాబులూ, ఊరికే నిలబడితే కాళ్లు లాగుతాయి. చెరో వైపు రండి" అంది. నువ్వు "నేను పని మీద వచ్చానండీ" అన్నావు. "మేమూ ఇక్కడ పని మీదే వచ్చేవాళ్లం, పని పోయింది. రా" అంది. వీబాల్క్ గారు కోటు విప్పి, తగిలించడానికి ఇంకేమీ కనపడక, తన నిషేధం బోర్డుకే తగిలించారు. టేపు చేతిలోంచి గీత మీద జారిపోయింది, ఆయన చూసుకోలేదు. నువ్వూ చూడలేదు.

నలభై నిమిషాలు ఆడావు హిన్నెర్క్. యాభై రెండేళ్ల వయసులో నువ్వు నవ్వడం చూశాను. పళ్లు కూడా కనపడ్డాయి. ట్రీనా కొట్టిన ఎత్తు బంతి కోసం వెనక్కి పరిగెత్తి, టేపు మీద కాలేసి, ఆకాశం చూస్తూ పడ్డావు. నువ్వు లేవకముందే వీబాల్క్ గారు "పాయింటు మాదే" అని కేక పెట్టారు. తర్వాత సిగ్గుపడి అంబులెన్సు పిలిచింది కూడా ఆయనే, అది నిజం.

ట్రీనా నీకు వెన్న కేకు పంపుతోంది. 'వెనక్కి పరిగెత్తేటప్పుడు కింద చూడకూడదు, చూడలేదు, మంచి ఆటగాడే' అని రాయమంది.

అక్క


కాసెల్, 22 జూన్ 1996

ప్రియమైన వదినా, ఇది నేను రోస్విథాని. ఆయన చెబుతుంటే రాస్తున్నాను. నా మాటలు ఎక్కడైనా కలిస్తే ఆయనవి కావు.

ఆయన మాటలు: అక్కా, ఆరోగ్య బీమా వాళ్ల నుంచి ప్రశ్నల పత్రం వచ్చింది. ప్రమాదం ఎక్కడ, ఎప్పుడు, ఎవరి వల్ల. ఆ స్థలాన్ని చూసుకునేవాళ్లు ఎవరు. ఇరవై ఆరేళ్లు ఇలాంటి పత్రాలు చదివి, అబద్ధం రాసినవాళ్లని పట్టుకుని బతికాను. నేను అబద్ధం రాయలేను. స్థలాన్ని చూసుకుంటున్నది పిడికిలి బంతి సంఘం అనీ, అధ్యక్షురాలు నా అక్క గెజీనె టార్డెన్ అనీ రాశాను. నీ ఫోను నంబరు మీ బోర్డు మీద ఉన్నట్టే రాశాను.

నా మాట: పోస్టు డబ్బాలో వెయ్యొద్దని నేను తలుపుకి అడ్డం నిలబడ్డాను. ఎడం చేత్తో కిటికీలోంచి పక్కింటి పిల్ల చేతికిచ్చి పంపారు.

ఆయన మాటలు: పత్రంతో పాటు తొమ్మిది పేజీల అనుబంధం జత చేశాను. అందులో ఏముందంటే,

నా మాట: అదంతా నేను రాయను. నాకు చెయ్యి నొప్పి, పొయ్యి మీద బంగాళాదుంపలున్నాయి. ఉంటాను వదినా. కేకు బాగుంది.


ల్యూడర్‌హాఫెన్, 28 జూన్ 1996

హిన్నెర్క్,

బీమా వాళ్ల ఉత్తరం వచ్చింది. 'తమ్ముడి గాయానికి సంబంధించి మీ వివరణ కోరుతున్నాం' అట. మన వంశంలో తాగి కొట్టుకున్నవాళ్లున్నారు, పొలం గట్టు మీద ముప్పై ఏళ్లు మాట్లాడుకోనివాళ్లున్నారు. అక్కని పత్రంలో పట్టించినవాడివి నువ్వే మొదటివాడివి. నిజం రాశానంటావు. నిజమే. నీ చేతిలో నిజం కూడా ఒక ఫారమే.

ఇంకా విను. నగరం 'ప్రమాదం జరిగిన స్థలం' అని తేల్చి, జూలై పదిహేనున కంచె వేస్తోంది. ఇరవై రెండు ఇనుప స్తంభాలు తెచ్చి మా గీతల మీదే గుట్టగా పడేశారు. వీబాల్క్ గారికి ఫోను చేస్తే, "నాకేం సంతోషంగా లేదండీ, పైనుంచి ఒత్తిడి" అన్నారు. ఆయన పైన ఉన్నది ఇద్దరే.

సంఘం కూడా అయిపోయింది. గాలి బాధ్యురాలు రాజీనామా, సుద్ద బాధ్యురాలు రాజీనామా. బోర్డు మీద పేర్లుంటే ఇళ్ల మీదికొస్తుందని ఎవరో చెప్పారట. నీ మాటే, ఊరంతా తిరిగి వచ్చింది. చుంచెలుకల ఆవిడ మాత్రం ఉంటానంది, ఎలుకలు ఎవరి మీదా కేసు పెట్టవని.

నిన్న గురువారం. అయిదింటికి ట్రీనా ఒక్కతే వచ్చింది. నేను కిటికీలోంచి చూసి వెళ్లాను. బంతి ఒళ్లో పెట్టుకుని ఆ స్తంభాల గుట్ట మీద కూర్చుంది. "గేటు బయట నిలబడమని ఫ్యాక్టరీ ఒకసారి చెప్పింది, నలభై ఎనిమిదిమందికి, ఒకే రోజు. అప్పుడు పొట్ట గురించి దిగులు. ఇప్పుడు పింఛను ఉంది, తిండి ఉంది. మరి ఎందుకే ఇప్పుడే ఎక్కువ బాధగా ఉంది?" అంది. నేనూ ఆ స్తంభాల మీదే పక్కన కూర్చున్నాను.

ఈ ఉత్తరానికి సంతకం లేదు. ఎవరు రాశారో నువ్వే పత్రంలో రాసుకో.


కాసెల్, 5 జూలై 1996

అక్కా,

ఎడం చేత్తో రాస్తున్నాను. అక్షరాలు క్షమించు. ఈ ఉత్తరం రోస్విథా చేతికి ఇవ్వదలుచుకోలేదు.

తొమ్మిది పేజీల అనుబంధంలో రాసింది ఇదీ. నేను పడ్డది నేల లోపం వల్ల కాదు. మీరు పూడ్చిన గుంట గట్టిగా ఉంది, నేనే కొలిచాను. పడ్డది టేపు మీద. ఆ టేపు రెండో చివర అంతకుముందు దాకా నా చేతిలోనే ఉంది. దాన్ని చుట్టకుండా ఆటకి పరిగెత్తింది నేను. బీమా వాళ్లు నిన్న ఫైలు మూసేశారు: ఇతరుల ప్రమేయం లేదు, సొంత అజాగ్రత్త. నీకు ఇచ్చిన నోటీసు రద్దు. ఇరవై ఆరేళ్లలో ఎన్నో వేల ప్రమాదాలు చూశాను, ప్రతిదానికీ ఎవరో ఒకర్ని వెతికి పట్టుకున్నాను. 'తప్పు నాదే' అన్న వాక్యం ఎవరూ రాయగా చూడలేదు. రాస్తే ఇంత తేలిగ్గా ఉంటుందని నాకు తెలియదు.

నీ పేరు రాసింది ఎందుకంటే, పేరు దాచితే ఆ తొమ్మిది పేజీలనీ నమ్మరు. ఇది ముందే చెప్పాల్సింది. బంగాళాదుంపలు అడ్డం వచ్చాయి.

అనుబంధం ఆరో పేజీ చాలా ముఖ్యం. స్థలం యజమాని తరఫు అధికారి స్వయంగా వచ్చాడు, నేల చూశాడు, బాగుందన్నాడు, కోటు విప్పి నలభై నిమిషాలు ఆడాడు, ఒక పాయింటు అడిగి తీసుకున్నాడు. నగరమే ఆడిన చోట జనానికి నిషేధం అనడం కష్టం. ఆ పేజీ నకలు ఒకటి వీబాల్క్ గారికి పంపాను. బెదిరింపు కాదు, సమాచారం కోసం. ఆయన నిన్న ఫోను చేశాడు. "కౌన్సిల్ సమావేశం పదకొండున ఉంది. వాళ్లకేం కావాలో ఒక్క కాగితం మీద రాసివ్వమనండి, నేనే చదువుతాను" అన్నాడు.

కాబట్టి రాయి. చరిత్ర వద్దు. పెట్టుబడిదారుల గురించి వద్దు. మూసేసిన గ్రంథాలయం గురించి అసలు వద్దు. ఏం కావాలో అంతే.

బుధవారం రాత్రి రైలుకి వస్తున్నాను. సమావేశంలో నీ పక్కన కూర్చుంటాను. నీ గురించి భయపడే అన్నీ వద్దన్నాను అక్కా. భయం అని రాయడం రాక, చట్టం అని రాశాను.

హిన్నెర్క్


ల్యూడర్‌హాఫెన్, 8 జూలై 1996

తమ్ముడూ,

స్టేషనుకి వస్తాను. నీ సంచి నేను మోస్తాను, వాదించకు.

నిన్న మా వంటింట్లో తొమ్మిదిమందీ మళ్లీ కూర్చున్నారు. రాజీనామా చేసినవాళ్లు కూడా వచ్చారు, రాజీనామాలు ఎవరికి ఇవ్వాలో నిబంధనల్లో లేదట, కాబట్టి చెల్లవట. నేను నాలుగు పేజీల ముందుమాట రాశాను. ట్రీనా అది మడిచి కేకు పళ్లెం కింద పెట్టింది. మిగిలింది ఇదే. కౌన్సిల్‌కి ఇదే ఇస్తున్నాం, నీకు నకలు.

తాళ్ల ఫ్యాక్టరీ స్థలం గురించి మా కోరికలు:

1. కంచె వెయ్యకూడదు.

2. నిషేధం బోర్డు తీసెయ్యాలి. 'ఇక్కడ ఎవరైనా ఆడుకోవచ్చు' అని రాసి కొత్తది పెట్టాలి.

3. పాత తూముని నగరం ఇంజనీరు వచ్చి సరిగ్గా మూయించాలి. మేం పోసింది మట్టి మాత్రమే.

4. ఏడాదికి నాలుగుసార్లు నగరం గడ్డి కొయ్యాలి. మధ్యలో మేం కోస్తాం. కోసినందుకు మమ్మల్ని బాధ్యులు అనకూడదు.

5. నేల వల్ల పడితే నగరానిది బాధ్యత. ఆటలో పడితే పడినవాళ్లది. ఈ రెండు వాక్యాలూ మార్చకుండా రికార్డులో రాయాలి.

6. స్థలం అమ్మదలుచుకుంటే ఆరు నెలల ముందు, గురువారం అయిదింటికి, అక్కడికే వచ్చి మాకు చెప్పాలి.

7. తెచ్చిన ఇరవై రెండు స్తంభాల్లో ఇరవై తీసుకెళ్లాలి. రెండు మాకు వదిలెయ్యాలి, తాడు కట్టుకోవడానికి.